ముందు వచ్చిన చెవులు, వెనుక వచ్చిన కొమ్ములు



కాలం విషయంలో మన సామెతలు ఒక మాటమీద నిలిచేవి కావు. "ఆలస్యం అమృతం విషం" అని ఒకటి తొందరపెడుతుంది. "నిదానమే ప్రధానం" అని మరొకటి భుజం పట్టి ఆపుతుంది. "ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి" అంటూ మూడవది వచ్చి ముందు వచ్చినవాని ఉత్సాహంమీద నీళ్ళు చల్లుతుంది. ఏ సామెత ఎక్కడ చెల్లుతుందో తెలిసినవాడే లోకజ్ఞుడు. వైద్యకళాశాలలో ప్రవేశానికి జరిగే ఇంటర్వ్యూకు ముందుగా వెళ్ళడం మేలా, ఆఖరున వెళ్ళడం మేలా అన్న ప్రశ్నకు ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందన్నదే ఈ టపా విషయం.

ఇదేమి ప్రశ్న, మన దేశంలో ఎం.బి.బి.ఎస్.కు ఇంటర్వ్యూలు ఎక్కడున్నాయి అని మీరడగవచ్చును. ఇక్కడ లేవు. అయినా ఈ ప్రశ్న జూబిలీహిల్స్‌లోనూ ఫిల్మ్‌నగర్‌లోనూ ప్రతి శరత్కాలంలోనూ వినబడుతుంది. ఆ ప్రాంతపు పెద్దలలో అనేకుల సంతానం అమెరికాలో స్థిరపడింది. ఆ సంతానపు సంతానం ఇప్పుడు వైద్యవిద్యకు దరఖాస్తులు పెట్టుకునే వయసుకు వచ్చింది. అక్కడి కళాశాలవారు ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు తరచుగా కొన్ని తేదీలు చూపి, వానిలో ఒకటి కోరుకొమ్మంటారు. కోరుకొమ్మనడమే తరువాయి, ఇక్కడ తాతగారి యింట పంచాంగం తెరుచుకుంటుంది.

ఇందులో నవ్వవలసినదేమీ లేదు. చిత్రపరిశ్రమ కొలువున్న చోటు అది. సినిమా ప్రారంభానికి ముహూర్తం, క్లాప్ కొట్టడానికి ముహూర్తం, పాట విడుదలకు ముహూర్తం. కోట్ల రూపాయల పెట్టుబడి ఒక శుభఘడియకు కట్టుబడి ఉండే వీధులలో, మనవరాలి జీవితాన్ని నిర్ణయించే ఒక సమావేశానికి మంచిరోజు చూడకుండా ఉంటారా? చిక్కల్లా ఏమంటే రాహుకాలాన్ని స్థానిక సూర్యోదయాన్ని బట్టి లెక్క కట్టాలి. డాలస్‌లో కూర్చునే మనవరాలికి హైదరాబాదు రాహుకాలం పనికిరాదు. ఈ సంగతి పురోహితునికి తెలుసు, తాతగారికే తట్టదు.

పండితపు అలవాటు చొప్పున ఒక మాట. ముహూర్తమంటే క్షణం కాదు. అహోరాత్రంలో ముప్పదవ వంతు, అనగా రెండు ఘడియలు, నేటి లెక్కలో 48 నిమిషాలు. చాలా ఇంటర్వ్యూలు ఒక ముహూర్తంలో పూర్తిగా ఇమిడిపోయేవే. ఇక 2020లో కరోనా వచ్చిన తరువాత అక్కడి కళాశాలలు ఇంటర్వ్యూలను కంప్యూటరు తెరమీదికి మార్చాయి. వానిలో అనేకం ఆ పద్ధతినే కొనసాగిస్తున్నాయి. కాబట్టి సెలవులకు వచ్చిన మనవరాలు జూబిలీహిల్స్ మేడమీద గదిలో కూర్చునే టెక్సాసు ఆచార్యులకు జవాబు చెప్పవచ్చును. డిసెంబరులో అక్కడ ఉదయం తొమ్మిది గంటలైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఏ దేశపు వర్జ్యం చూడాలో నిర్ణయసింధువులో కూడ దొరకదు.

హాస్యం అటుంచి అసలు విషయానికి వస్తాను. "ఎప్పుడు" అన్న ప్రశ్న మూఢనమ్మకం కాదు. తారాబలంతో నిమిత్తం లేకుండానే, కేవలం గణితబలంతో, ఆ ప్రశ్నకు అర్థం ఉన్నది.

అమెరికాలో ఎం.డి. కళాశాలలలో అధికభాగానికి దరఖాస్తులు ఆమ్కాస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళతాయి. మే నెలలో ఆ ద్వారం తెరుచుకుంటుంది. జూన్ చివరి నుండి కళాశాలలకు దరఖాస్తులు చేరడం మొదలవుతుంది. ఇంటర్వ్యూలు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ప్రారంభమై మరుసటి ఏడాది మార్చి వరకు సాగుతాయి. ముందస్తు నిర్ణయం కోరుకున్న కొద్దిమందిని మినహాయిస్తే, అక్టోబరు 15కు ముందు ఎవరికీ సీటు ఇస్తున్నామని చెప్పరాదన్నది కళాశాలల నడుమ ఒడంబడిక. ఆ తేదీ దాటిన తరువాత చాలా కళాశాలలు, చివరి అభ్యర్థిని చూచేవరకు వేచియుండక, చూచినవారిని చూచినట్లే పిలుస్తూ పోతాయి. దీనినే అక్కడ రోలింగ్ పద్ధతి అంటారు. పెండ్లి పందిట్లో పంక్తులవారీగా వడ్డించడం అనుకోండి. మొదటి పంక్తిలో కూర్చున్నవానికి బూరెలుంటాయా లేవా అన్న బెంగ ఉండదు. నాలుగవ పంక్తివాడు వడ్డించేవాని చేతిలోని పళ్ళెం వంక చూస్తూ కూర్చుంటాడు.

దీనిని బట్టి సెప్టెంబరు ఇంటర్వ్యూ ఫిబ్రవరి ఇంటర్వ్యూకంటె మేలని తేలుతున్నది కదా! తేలుతున్నది గాని, జనం అనుకున్నంతగా కాదు. ఇందులో రెండు మెలికలున్నాయి. సెప్టెంబరులో ఎవరిని పిలుస్తారు? జూన్‌లోనే దరఖాస్తు పూర్తిచేసినవారిని, మార్కులు బాగా ఉన్నవారిని. ఫిబ్రవరిలో ఎవరిని పిలుస్తారు? ఆలస్యంగా పంపినవారిని, మొదటి చూపులో పక్కన పెట్టి రెండవ చూపులో తీసినవారిని. కనుక సెప్టెంబరువారిలో ఎక్కువమందికి సీట్లు వచ్చాయంటే, ఆ ఘనత సెప్టెంబరుదా, వారిదా? కొంత ఈవలది, కొంత ఆవలది. ఒకే అభ్యర్థి తేదీ మార్చుకున్నంత మాత్రాన అంత తేడా వస్తుందని ఈ లెక్క చెప్పడం లేదు. రెండవ మెలిక: కళాశాలలు ఉన్న సీట్లకంటె ఎక్కువమందికే ఆహ్వానాలు పంపుతాయి. ఒక్కొక్క మేధావికి నాలుగేసి కళాశాలల నుండి పిలుపు వస్తుంది, చేరేది ఒక్కదానిలోనే. ఏప్రిల్ 30 నాటికి వారు తమ ఎంపిక తేల్చుకునే సరికి మిగిలిన పిలుపులు ఖాళీ అవుతాయి. అప్పుడు వెయిటింగ్ లిస్టు కదులుతుంది. వెనుక వచ్చిన కొమ్ములకు అక్కడ చోటు దొరుకుతుంది.

అన్ని కళాశాలలూ ఒక్క తీరున లేవు కూడ. కొన్ని చివరి ఇంటర్వ్యూ ముగిసేవరకు ఎవరికీ మాట చెప్పవు. అట్టివానిలో ముందు వెనుకలు దాదాపు సమానమే. మన తెలుగువారు దండిగా ఉన్న టెక్సాసుకు వేరే వ్యవస్థ ఉన్నది. అక్కడ శరత్కాలంలో కొందరికి ముందస్తు పిలుపులు ఇచ్చి, మిగిలిన వారిని ఫిబ్రవరిలో జరిగే మ్యాచ్‌లో సర్దుతారు. అభ్యర్థి తనకు నచ్చిన కళాశాలలను వరుసగా వ్రాసి ఇస్తాడు, కళాశాల తనకు నచ్చిన అభ్యర్థులను వ్రాసి ఇస్తుంది, యంత్రం జోడీ కుదురుస్తుంది. జాతకాలు కలపడంకంటె ఇది నయమని నాకు తోస్తుంది.

ఇంతవరకు మాసాల సంగతి. రోజు, పూట మాటేమిటి?

టొరంటో విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో 2004 నుండి 2009 వరకు ఇంటర్వ్యూకు హాజరైన 2,926 మంది అభ్యర్థుల మార్కులను రెడెల్మయర్, బాక్‌స్టర్ అనే ఇద్దరు పరిశీలించి 2009లో కెనడా వైద్యసంఘ పత్రికలో ప్రకటించారు. వాన కురిసిన రోజున ఇంటర్వ్యూ జరిగినవారికి, ఎండ కాచిన రోజువారికంటె సగటున ఒక శాతం తక్కువ మార్కులు పడ్డాయి. ఒక శాతమే కదా అని తీసివేయకండి. ప్రవేశనిర్ణయంలో ఆ ఒక్క శాతపు బరువు, వ్రాతపరీక్షలో పదిశాతం తక్కువ తెచ్చుకోవడంతో సమానమని వారు లెక్క తేల్చారు. ఏళ్ళ తరబడి రాత్రులు మేలుకొని సంపాదించిన మార్కులను ఒక మబ్బు తినివేసిందన్నమాట. మేఘునికి ప్రియురాలి వద్దకు సందేశం మోసే పని మాత్రమే ఉన్నదనుకున్నాము, ఈ పని కూడ ఉన్నదని కాళిదాసుకు తెలియదు.

2011లో ఇస్రాయేలు పెరోల్ న్యాయమూర్తుల తీర్పులమీద ఒక పరిశోధన వచ్చింది. భోజనవిరామం తరువాత మొదట విచారించిన ఖైదీలలో సుమారు 65 శాతానికి అనుకూల తీర్పు, విరామానికి ముందు ఆఖరువారికి దాదాపు శూన్యం. లోకమంతా దానిని ఎత్తిపట్టుకొని ఆకలిగొన్న న్యాయమూర్తి కథగా ప్రచారం చేసింది. నాకు మాత్రం అది పూర్తిగా మింగుడుపడదు. వకీలు లేని ఖైదీలను ఆఖరున పిలవడం అక్కడి పరిపాటి అని, వరుసక్రమం యాదృచ్ఛికం కాదని అదే ఏడాది మరి ఇద్దరు ఆక్షేపించారు. సెప్టెంబరు అభ్యర్థుల విషయంలో నేను పైన చెప్పిన మెలికే ఇది.

అయితే ఆకలి, అలసట అబద్ధమని నేననను. పదవతరగతి జవాబుపత్రాల స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న ఉపాధ్యాయులెవరైనా చెబుతారు, ఉదయపు కట్టలోని సంధి వేరు, మధ్యాహ్నం మూడింటి కట్టలోని సంధి వేరు. అందుకే అక్కడ పేరు తెలియకుండా కోడ్ నంబరు వేస్తారు, చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పత్రాలను మళ్ళీ చూస్తారు, విద్యార్థి కోరితే మార్కులు తిరిగి కూడుతారు. ముఖానికి కోడ్ నంబరు వేయలేము. ముఖాముఖిలో చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది, తిరిగి దిద్దడానికి మిగలదు.

ఫిల్మ్‌నగర్‌కు కూతవేటు దూరంలోని కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకొని అవకాశాలకోసం తిరిగే కుర్రవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆడిషన్‌కు పిలిచిన చోట, ఉదయం నుండి అదే డైలాగు వినివిని దర్శకుని సహాయకుడు ఆవులించే వేళకు తన వంతు వస్తే ఏమవుతుందో వారికి అనుభవం. కాని సినిమాలో ఒక వేషం పోతే మరొక వేషం ఉంటుంది. వైద్యవిద్యలో పోయేది ఒక ఏడాది. ఒక్కొక్కప్పుడు వృత్తే పోతుంది.

ఇప్పుడు ఈ విషయంలో నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచిన ఉదంతం చెబుతాను. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సాసు విశ్వవిద్యాలయ వైద్యకళాశాల సుమారు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, వరుసక్రమం కట్టి, పైభాగం నుండి 150 మందిని చేర్చుకున్నది. అంతా అయిపోయిన తరువాత రాష్ట్ర శాసనసభవారు మరో 50 మందిని చేర్చుకొమ్మని ఆదేశించారు. అప్పటికి మంచి ర్యాంకులవారందరూ వేరే కళాశాలలలో చేరిపోయారు. మిగిలింది అడుగుభాగం, అనగా ఇంటర్వ్యూలో పనికిరారని తేల్చినవారు. గత్యంతరం లేక వారిలోనుండి 50 మందిని తీసుకున్నారు. ఎవరు ఏ వరుసవారో బోధించే ఆచార్యులకు పట్టింపు లేదు. చదువు ముగిసి, హౌస్‌సర్జన్ వంటి మొదటి ఏడాది శిక్షణ కూడ పూర్తయిన పిదప రెండు వర్గాలను పోల్చి చూచారు. చదువు మానివేసినవారి సంఖ్యలో గాని, మార్కులలో గాని, వార్డులలో రోగులను చూచే నేర్పులో గాని, బహుమానాలలో గాని చెప్పుకోదగిన తేడా లేదు. 1987లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ఇది అచ్చయింది.

దీని అర్థం ఆలోచించండి. ఆ ఇంటర్వ్యూ కొలిచినదేదో, అది వైద్యుని కొలవలేదు. కొలవని కొలబద్దలో ముందు తేదీ, వెనుక తేదీ, ఎండ, వాన అని ఇంకా కొన్ని వంకరలు కూడ ఉన్నాయంటే, అటువంటి కొలబద్దతో పిల్లల తలరాతలు కొలవడం ఎంతవరకు సబబు? శాసనసభ ఆదేశం రాకుండా ఉంటే ఆ 50 మంది ఏమయ్యేవారు? బహుశః ఏ బీమా కంపెనీలోనో లెక్కలు వ్రాసుకుంటూ, తాము వైద్యవృత్తికి తగమని ఆజన్మాంతం నమ్మి ఉండేవారు.

మన దేశం ఈ పాఠం వేరే దారిలో నేర్చుకున్నది. ఇంటర్వ్యూ మనకు తెలియనిది కాదు. 1964లో మైసూరు రాష్ట్రపు వైద్య, ఇంజనీరింగు ప్రవేశాలలో ఇంటర్వ్యూ మార్కులు పెట్టడం న్యాయమా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వచ్చింది. చిత్రలేఖ కేసుగా ప్రసిద్ధమైన దానిలో అధికసంఖ్యాకుల తీర్పు వ్రాసినది మన రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావుగారు. ఇంటర్వ్యూ పద్ధతిని ఆయన సమర్థించారు. దురుపయోగం జరగవచ్చునన్న భయంతో ఒక మంచి పద్ధతిని తోసిపుచ్చరాదన్నది స్థూలంగా ఆయన ధోరణి. పౌరుని ప్రాథమిక హక్కులకోసం అంతగా నిలబడిన న్యాయమూర్తి ఇక్కడ ఇంటర్వ్యూ చేసే పెద్దల విచక్షణను ఇంతగా నమ్మడం నాకు ఆశ్చర్యమే.

ఆ నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. 1970లో తమిళనాడు వైద్యకళాశాలల ప్రవేశాలమీద పెరియకరుప్పన్ కేసు వచ్చింది. ఇంటర్వ్యూకు 75 మార్కులు. అభ్యర్థులను వేర్వేరు సంఘాలు చూచాయి. ఒక సంఘపు చేయి పెద్దది, మరొక సంఘపు చేయి చిన్నది అయితే ఎట్లా? కోర్టు ఆ ఎంపికను తప్పుపట్టింది. 1980 నవంబరులో అజయ్ హాసియా కేసులో తీర్పు వచ్చింది. అది శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు సంబంధించినది. అక్కడ ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు ప్రశ్నించి, మొత్తంలో మూడవ వంతు మార్కులను ఆ ముచ్చటకు కేటాయించారు. ఇంటర్వ్యూకు 15 శాతానికి మించరాదని, సంభాషణను టేపులో పట్టి ఉంచాలని కోర్టు సూచించింది. అయితే ఏం లాభం? తీర్పు వచ్చేసరికి చేరినవారు మూడు సెమిస్టర్లు చదివివేశారు. వారిని తీసివేయలేక, అన్యాయం జరిగినవారిలో ప్రతిభావంతులైన యాభైమందికి తరువాతి ఏడాది చోటిమ్మన్నారు. న్యాయం కూడ వెనుక పంక్తిలోనే వడ్డించబడింది.

మన రాష్ట్రంలో 1983లో క్యాపిటేషన్ ఫీజులను నిషేధించే చట్టం వచ్చింది, 1986 నుండి ఎంసెట్ వచ్చింది. విశాఖ ఆంధ్ర వైద్యకళాశాల, గుంటూరు, ఉస్మానియా, గాంధీ, కాకతీయ, రంగరాయ, కర్నూలు, తిరుపతి అని పల్లెటూరి తండ్రి కూడ కళాశాలల పేర్లు వరుసగా చెప్పగలిగిన కాలమది. చిత్రమేమంటే ఎంసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్ళడాన్ని కూడ పల్లెలలో చాలాకాలం "ఇంటర్వ్యూకు పోయాడు" అనే అన్నారు. అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ కళాశాల కావాలి అని. దానికి జవాబు చెప్పే వంతు ర్యాంకును బట్టి వస్తుంది. ముందు వచ్చినవానికి ముందు వడ్డన ఇక్కడా ఉన్నది. కాని ముందెవరో నిర్ణయించినది ముఖం చూడని పరీక్ష.

2017 నుండి నీట్ ఆ స్థానంలోకి వచ్చింది. జూబిలీహిల్స్‌లోనే, 1988 నుండి ఉన్న అపోలో ఆసుపత్రి ఆవరణలో, 2012లో ఒక వైద్యకళాశాల వెలసింది. దాని గోడను ఆనుకొని ఉన్న మేడలోని పిల్లవానికి గాని, ఆసిఫాబాదు అడవిలోని పిల్లవానికి గాని అందులో కన్వీనర్ సీటుకు దారి ఒక్కటే. ఇంటర్వ్యూ లేదు, చొక్కా ఇస్త్రీ చూచేవాడు లేడు, ఇంగ్లీషు యాస వినేవాడు లేడు. యాజమాన్యపు కోటాలో డబ్బు దగ్గర ఆ సమానత్వం ఆగిపోతుంది, నిజమే. తెలంగాణ ప్రైవేటు కళాశాలలలో సగం సీట్లు ఆ తెరవెనుకనే ఉన్నాయి. అయినా ఆ సీట్లకు కూడ నీట్ అర్హత ఉండితీరాలి.

ఇంటర్వ్యూను నేను పూర్తిగా కొట్టివేస్తున్నానని అనుకోకండి. మనకు పొరుగున వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల దశాబ్దాల తరబడి అభ్యర్థులను కొన్ని రోజులపాటు తనవద్ద ఉంచుకొని, పలువిధాల పరీక్షించి, మాటలాడి, ఎంపిక చేసుకున్నది. అక్కడ చదివినవారు మారుమూల ఆసుపత్రులలో చేసిన సేవ చిత్తూరు జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. నీట్ విషయంలో వివాదం నడుస్తుండగా 2017లో ఆ కళాశాల వంద ఎం.బి.బి.ఎస్. సీట్లలో ఒక్కటి మాత్రమే నింపింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నీట్ అందరికీ వర్తిస్తుందని తేల్చింది. సేవాదృష్టిని వ్రాతపరీక్ష కొలవలేదన్న వారి వాదనలో పస ఉన్నది. మూడురోజులు చూడడం వేరు, ఇరవైనిమిషాలు చూడడం వేరు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం కనిపెట్టి 2004లో ప్రకటించిన పద్ధతి కూడ మెచ్చదగినదే. ఒక్క గదిలో ఒక్క పెద్దమనిషి ఎదుట కూర్చోబెట్టక, పదిగదులలో పదిమంది ఎదుట కొన్ని నిమిషాలేసి తిప్పుతారు. ఒకరి ఆవులింత మరొకరి చిరునవ్వుతో సరిపోతుంది. కాని అక్కడ కూడ వాన అన్ని గదులమీద ఒకేసారి కురుస్తుంది సుమా!

ముఖం చూడని పరీక్షకు గడియారంతో పేచీ లేదనుకుంటే అదీ పొరపాటే. 2016లో తెలంగాణ పిల్లలు జూలై 9న ఎంసెట్-2 వ్రాశారు. ప్రశ్నాపత్రం ముందే బయటపడినందున అది రద్దయి, సెప్టెంబరు 11న ఎంసెట్-3 వ్రాయవలసి వచ్చింది. జూలైలో జ్వరం లేనివానికి సెప్టెంబరులో ఉండవచ్చును. 2024 నీట్‌లో కొన్ని కేంద్రాలలో పరీక్షా సమయం కోల్పోయారని 1,563 మందికి కలిపిన మార్కులు రద్దుచేసి, జూన్ 23న వారికి మళ్ళీ పరీక్ష పెట్టారు. పోయిన నిమిషాలకు వెల కట్టబోయి ఎంత రభస జరిగిందో చూచాము.

అంతకంటె బాధాకరమైనది గడువు. 2020లో హైదరాబాదులో ఒక యువతికి పి.జి. సర్జరీ సీటు కేటాయింపు గడువు ముగిసే రోజులలో వచ్చింది. ఆమె పరుగున వెళ్ళింది. కళాశాల చేర్చుకోలేదు, తేదీ దాటిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమెకు మరుసటి సంవత్సరం సీటు ఇవ్వాలని, కళాశాల పదిలక్షల రూపాయలు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అంతకు ఒక ఏడాది ముందు, 2019 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక విద్యార్థిని కేసులో అదే కోర్టు ఒక సూత్రం చెప్పింది. విద్యార్థి తప్పేమీ లేకుండా, అధికారుల తప్పువలన ఎం.బి.బి.ఎస్. సీటు పోతే, ఆ విద్యార్థి వెంటనే కోర్టుకు వచ్చి ఉంటే, అరుదైన సందర్భాలలో గడువు దాటిన నెలరోజుల లోపల కూడ చేర్చుకొమ్మనవచ్చును, లేదా తరువాతి ఏడాది సీటు ఇప్పించవచ్చును. "వెంటనే" అన్న మాట గమనించారా? ఢిల్లీ వరకు వెంటనే వెళ్ళగలిగిన తండ్రులు ఎందరు?

నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉన్నది. ముందుగా చేరడం ప్రతిభ అయితే నాకు పేచీ లేదు. కాని ముందుగా చేరేది ఎవరు? ముందుగా చేరాలని ముందుగా తెలిసినవాడు. అమెరికాలో తల్లిదండ్రులిద్దరూ వైద్యులైన తెలుగు పిల్లకు జూన్‌లోనే దరఖాస్తు పూర్తి చేయాలని పుట్టుకతోనే తెలుసు. వ్యాసాలు దిద్దే సలహాదారునికి ఫీజు చెల్లించగల స్తోమతు ఉన్నది. అదే దేశంలో పెట్రోలు బంకులో రాత్రి కాపలా ఉండి కొడుకును చదివించే తెలుగు తండ్రికి ఆ సంగతి ఎవరు చెబుతారు? ఆ పిల్లవాడు వ్రాతపరీక్ష వేసవి చివర వ్రాసి, సిఫారసు లేఖలు సెప్టెంబరులో సంపాదించి, నియమం ప్రకారం గడువు లోపలే దరఖాస్తు పంపి, నాలుగవ పంక్తిలో కూర్చుంటాడు. గడువు నవంబరు వరకు ఉన్నదని కాగితంలో వ్రాసి, వడ్డన అక్టోబరులోనే మొదలుపెట్టడం ఏ న్యాయం? ఇక్కడ వెబ్ ఆప్షన్ల చివరి తేదీ నెట్‌సెంటరు మూతబడినందున తప్పిపోయిన ములుగు పిల్లకు, అక్కడి ఈ పిల్లవానికి చుట్టరికం ఉన్నది.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. ఇంటర్వ్యూ ఉండితీరాలనుకునే కళాశాల, ఆఖరి అభ్యర్థిని చూచేవరకు మొదటి అభ్యర్థికి మాట ఇవ్వకుండా ఉంటే మాసాల తేడా పోతుంది. తేదీలు అభ్యర్థి కోరుకునే బదులు చీటీ తీసి ఇస్తే, వాన ఎవరిమీద కురిసినా పక్షపాతం ఉండదు. మంచి అభ్యర్థులను వేరే కళాశాల ముందే ఎగరేసుకుపోతుందని కదా ఆ కళాశాలల భయం? అందరూ ఒకే రోజున చెప్పాలన్న కట్టుబాటు ఉంటే ఆ భయం ఉండదు. చదువు ముగించిన వైద్యులకు రెసిడెన్సీ చోట్లను అమెరికావారు 1952 నుండి మ్యాచ్ పద్ధతిలోనే ఇస్తున్నారు, మార్చిలో ఒకే రోజున దేశమంతటా కవర్లు తెరుచుకుంటాయి. ఆ బుద్ధి ప్రవేశద్వారం దగ్గర ఎందుకు పనిచేయదో నాకు బోధపడదు. టెక్సాసువారు సగం దూరం నడిచి ఆగిపోయారు.

అంతవరకు, జూబిలీహిల్స్ తాతగార్లు అడిగితే మాత్రం చెబుతాను. చూపిన తేదీలలో తొందరది ఎన్నుకొమ్మనండి, కాని పిల్ల సిద్ధంగా లేకపోతే వారం ఆగడంలో నష్టమేమీ లేదు. పంచాంగం చూడాలనిపిస్తే చూడండి. దానితోపాటు ఆ ఊరి వాతావరణసూచన కూడ ఒకసారి చూడండి.